ఇన్సాస్ రైఫిల్‌తో పదిహేడేళ్లు: నా బాధంతా ఆ మ్యాగజైన్ గురించే

పోయిన నెల మా బామ్మర్ది కొడుకు పొద్దున్నే నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పరుగు ముగించుకుని, చెమటలు కక్కుతూ మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్నాడు. చాయ్ ఇచ్చేలోపే ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. ఏదో వీడియో. మన తుపాకీ గొప్పదా, బయటి దేశపుదా అని. కింద జనం తిట్ల వర్షం.

"గీ ఇన్సాస్ గంత చెత్తదా మామా? అందరు తిడ్తున్రు."

"ఎవలురా ఆ అందరు?"

"ఇగో, గీళ్లే."

"గీళ్లల్ల ఒక్కడన్న దాన్ని పట్టుకొని రాత్రి కాపలా కాసిండా?"

వాడు నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ మాట కడుపులో ఉండిపోయింది. దాన్ని తిట్టాలంటే నేను తిట్టాలి. పొగడాలన్నా నేనే పొగడాలి. ఇంటిదాని పక్కన పడుకున్న రాత్రుల కంటే దాన్ని పక్కన పెట్టుకుని పడుకున్న రాత్రులే ఎక్కువ నాకు. అందుకే ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇది రాస్తున్నాను.

బరువెంత, పొడవెంత, నిమిషానికి ఎన్ని తూటాలు, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, రాయను. 5.56 తూటా, ఒక్కొక్కటిగా గానీ మూడేసి గానీ కొడుతుంది, అంతే. మూడేసి కొట్టడాన్ని బర్స్ట్ అంటాం. నేను రాసేది దాని మ్యాగజైన్ గురించి. అంటే తూటాలు నింపే డబ్బా. లోపల ఎన్ని ఉన్నాయో బయటికే కనబడే ప్లాస్టిక్ డబ్బా.

నేను 2001లో సైన్యంలో భర్తీ అయ్యాను. దేవరకొండ పక్కన మా ఊరు. మే నెల వచ్చిందంటే బండలు పేలే ఎండలో పెరిగినవాణ్ణి. ట్రైనింగ్‌కి వెల్లింగ్టన్ పంపితే నీలగిరుల చలికే పళ్లు టకటకమన్నాయి. చలి అంటే అదే అనుకున్నాను, పిచ్చోణ్ణి. అప్పటికి ఇన్సాస్ కొత్త పెళ్లికూతురు లెక్క. 1998 రిపబ్లిక్ డే పరేడ్‌లో జనానికి చూపించారు, మరుసటేడే కార్గిల్ కొండలెక్కింది. మాకు ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాదులు మాత్రం ఎస్‌ఎల్‌ఆర్ మనుషులు. ఆ పాత తుపాకీ దెబ్బకు భుజం నల్లబడితేనే మగాడి కింద లెక్క వాళ్లకు. ఇన్సాస్ చేతికిచ్చి, "పిల్లల బొమ్మ, తీసుకోండి" అని వెక్కిరించేవాళ్లు.

కానీ ఎస్‌ఎల్‌ఆర్ మ్యాగజైన్ ఇనుప డబ్బా. లోపల ఎన్ని రౌండ్లు, అంటే తూటాలు, మిగిలాయో దేవుడికే తెలియాలి. ఉస్తాదులు కొడుతూ కొడుతూ పెదాల మీద లెక్కపెట్టుకునేవాళ్లు, మా అవ్వ తులసి చుట్టూ తిరుగుతూ ప్రదక్షిణలు లెక్కపెట్టినట్టు. గడబిడలో లెక్క తప్పితే, ట్రిగ్గర్ నొక్కాక ఉత్త టక్కుమనే చప్పుడు విన్నాకే తెలిసేది.

ఇన్సాస్ మ్యాగజైన్ మొదటిసారి చేతిలోకి తీసుకుని ఆకాశం వైపు పెట్టి చూశాను. లోపల ఇత్తడి రౌండ్లు మక్క కంకి మీద గింజల్లాగా వరసగా మెరుస్తున్నాయి. ఇరవై. ఐదు కొట్టి మళ్లీ చూశాను, వరస పైకి జరిగింది. చిన్నప్పుడు జాతరలో సోడా సీసాలో గోలీ చూసినంత సంబరం. ఎవడు ఆలోచించాడో గానీ, తూటా అయిపోతుందనే టెన్షన్ తెలిసినవాడే ఆలోచించి ఉంటాడు అనుకున్నాను. మన దేశంలోనే గీసి, మన దేశంలోనే చేసిన తుపాకీ అని ఉస్తాద్ చెప్పినప్పుడు కూడా నాకు గర్వం కలిగింది ఆ డబ్బాను చూసే.

లెక్కల్లో నాకు కొంచెం పిచ్చి. మూడేసి కొట్టే తుపాకీకి ఇరవై రౌండ్ల మ్యాగజైన్ ఇచ్చిన మహానుభావుణ్ణి ఒక్కసారి కలవాలని ఇప్పటికీ ఉంది. ఆరు బర్స్టులకు పద్దెనిమిది, చివర రెండు అనాథల్లాగా మిగులుతాయి. అందుకని నేను పద్దెనిమిదే నింపేవాణ్ణి. మిగతా రెండూ పౌచ్‌లో చిన్న గుడ్డలో చుట్టి పెట్టేవాణ్ణి. స్ప్రింగుకు కూడా కాస్త ఊపిరి ఆడుతుందని ఒక సాకు. పక్కవాళ్లు నవ్వేవాళ్లు. ఈ అలవాటు గురించి ఎందుకు చెబుతున్నానో కింద తెలుస్తుంది.

ఇంకో మంచి మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతాను. రౌండ్ చిన్నది కావడం. పాత 7.62 రౌండ్ ఇరవై నాలుగు గ్రాములకు అటూ ఇటూ ఉంటే, దీనిది పన్నెండు. కాగితం మీద ఏముంది, పన్నెండు గ్రాములే తేడా. రెండొందల రౌండ్లు ఒంటికి కట్టుకుని గుట్ట ఎక్కు, ఆ తేడా రెండు కిలోలు దాటుతుంది. పైన ఊపిరి అందని చోట రెండు కిలోలంటే ఒక చంటిపిల్లను దింపి పెట్టినట్టే. చలిలో ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుని ఊడొస్తుంది. ప్లాస్టిక్ మ్యాగజైన్‌తో ఆ గొడవ లేదు. చేతి తొడుగు తీసి కూడా రౌండ్లు నింపుకోవచ్చు, ఓ నిమిషం పాటు.

ఇక ఆ రాత్రి సంగతి.

2009 జనవరి. ఉత్తర కశ్మీర్‌లో ఒక పోస్టు, పేరొద్దు. 12 వేల అడుగుల పైమాటే. మా రోడ్డు మీద జూన్‌లో తారు కరిగినట్టు, అక్కడ జనవరిలో అన్నీ గడ్డకడతాయి. తుపాకీ నూనె గడ్డపెరుగులా అవుతుంది, అందుకే దాన్ని దాదాపు తుడిచేసేవాళ్లం. రైఫిల్‌ను బంకర్ లోపల బుఖారీ పొయ్యి పక్కన పెట్టకూడదు. ఇది అక్కడ మొదటి పాఠం. లోపలి వేడికి చల్లటి ఇనుము మీద నీటి బొట్లు పడతాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు. బయటికి తీసుకెళ్లగానే ఆ నీళ్లే మంచై లోపలి భాగాలను బిగించేస్తాయి. కాబట్టి మేము లోపల వెచ్చగా, రైఫిళ్లు బయటి గూట్లో చలికి. వాటి మ్యాగజైన్లు కూడా చలికే.

రెండు నుంచి నాలుగు దాకా సంత్రీ డ్యూటీ. నాకు జోడీ మక్తల్ వైపు తమ్ముడు. వాళ్లింట్లో అందరూ బొంబాయికో పుణెకో కూలికి పోయినవాళ్లు, వాడొక్కడు ఫౌజుకు వచ్చాడు. నన్ను అన్నా అనేవాడు. మేమిద్దరం ఒకే డ్యూటీలో పడ్డామంటే నల్గొండోడు గొప్పనా పాలమూరోడు గొప్పనా అని గుసగుసగా కొట్లాట. మాట్లాడకూడదు, కానీ మాట్లాడకపోతే నిద్రొస్తుంది.

మూడున్నర ప్రాంతంలో కాపలా మోర్చా పక్క మెట్టు దిగుతున్నాను. రాళ్లు పేర్చి చేసిన మెట్టు, మీద కనబడని మంచు పొర. కాలు జారింది. నేను పడటం పెద్ద విషయం కాదు, రోజుకొకడు పడేవాడు. రైఫిల్ నాకంటే ముందు పడింది. మ్యాగజైన్ పక్క భాగం రాతి అంచుకు తగిలింది. దాని మీద నేను.

కొబ్బరి చిప్ప పగిలినప్పుడు వస్తుంది చూడండి, సరిగ్గా అలాంటి చప్పుడు. టప్.

లేచి చేత్తో తడిమాను. మ్యాగజైన్ కింది నుంచి పైదాకా నిలువునా చీలింది. అడుగు రేకు ఊడిపోయింది. స్ప్రింగు పేగులాగా బయటికి వేలాడుతోంది. లోపల ఒక్క రౌండ్ లేదు. ఒకటే ఆలోచన వచ్చింది: ఇంకో మ్యాగజైన్. పౌచ్ లోంచి తీసి ఎక్కించాను, ఆ పని చేతులే చేసేశాయి. అప్పుడు మొదలైంది వణుకు.

బయటివాళ్లకు ఇది అర్థం కాదు. ఫౌజులో తూటా పేలితే ఒక కాగితం, పేలకుండా పోతే పది కాగితాలు. ఒక్క రౌండ్ తగ్గిందంటే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, పోస్టులో ఉన్న ప్రతివాడూ మంచు తవ్వాలి, అందరి సెలవులూ బంద్. ఫిబ్రవరిలో మా చెల్లె పెండ్లి. పన్నెండో తారీఖు నుంచి నాకు లీవ్ మంజూరై ఉంది.

"తమ్మీ, రౌండ్లు కింద పడ్డయి."

"ఎన్ని?"

"మొత్తం."

వాడు ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత, "కాళ్లు కదపకన్నా. ఉన్నకాడ్నే ఉండు" అన్నాడు.

ఎందుకన్నాడో నాకు వెంటనే తట్టలేదు. రౌండ్ మెత్తటి మంచులో పడితే చప్పుడు రాదు, మునిగిపోతుంది. కానీ మునిగినచోట వేలు దూరేంత బొక్క మిగులుతుంది. ఆ బొక్కలే మాకు అడ్రసులు. అడుగు వేశామంటే అడ్రసు చెరిగిపోతుంది. టార్చ్ వేయడానికి లేదు, ఎదురుగా ఎవరున్నారో అందరికీ తెలుసు. గాలి లేచిందంటే బొక్కలు పూడిపోతాయి. మబ్బు పట్టి కొత్త మంచు కురిస్తే మార్చి దాకా దొరకవు.

అరగంట అలా ఒంటికాలి కొంగలాగా నిలబడ్డాను. కాపలా కాస్తున్నానో, గాలిని బతిమాలుతున్నానో నాకే తెలియదు. నాలుగింటికి మార్పిడికి వచ్చినవాళ్లను అటు రానివ్వలేదు. ఖాళీ కిరోసిన్ జెర్రీకేన్లు నాలుగు తెచ్చి చుట్టూ పెట్టాం, పొలానికి హద్దురాళ్లు పాతినట్టు. గాలి లేవలేదు. నేను పెద్ద భక్తుణ్ణి కాదు గాని ఆ రోజు మా గుట్ట మీది దేవుడికి ఓ కోడి మొక్కుకున్నాను.

వెలుగు రాగానే ఇద్దరం బోర్లా పడుకుని మొదలుపెట్టాం. బొక్క కనబడితే తొడుగు తీసి వేలు పెట్టడం, కింద గట్టిగా తగిలితే రెండో వేలు కూడా దూర్చి లాగడం, పాల డబ్బాలో వేయడం. నాలుగైదు తీశాక వేళ్లు మనవి కావు. చంకలో పెట్టుకుని వేడి చేసుకుని మళ్లీ. కొన్ని బొక్కల్లో రౌండ్ కాదు, చిన్న రాయి ఉండేది. ఒక దాంట్లో ప్లాస్టిక్ ముక్క, అదే మ్యాగజైన్‌ది. చూస్తే అంచు గాజు పెంకులాగా ఉంది, ఎక్కడా వంగలేదు, సాగలేదు. ఎండాకాలం మా ఊళ్లో ప్లాస్టిక్ కుర్చీ విరిగినా ముందు తెల్లగా సాగి విరుగుతుంది. ఇది గాజులాగా ఫటేలుమంది. అప్పుడు నాకు అర్థమైంది, ఇది నా బరువుకు పగిలింది కాదు, చలికి సగం ముందే చచ్చి ఉంది.

ఏడున్నరకు లెక్కపెట్టాం. పదిహేడు.

"మూడు తక్కువ" అన్నాను. గొంతు నాది కాదు. చెల్లె పెండ్లి పందిరి కళ్ల ముందే కూలింది. మంచు మొత్తం చాటతో చెరిగినట్టు చెరుగుదామా, జల్లెడ ఉందా, లంగర్‌లో పిండి జల్లెడ అడుగుదామా అని ఏదేదో వాగుతున్నాను.

వాడు నా ముఖం చూసి, "అన్నా, నువ్వు పద్దెనిమిదే గదా నింపుతవ్?" అన్నాడు.

పౌచ్‌లో గుడ్డ విప్పాను. రెండు. నా లెక్క నేనే మర్చిపోయాను. ఇక ఒక్కటే. దానికోసం ఇంకో ముప్పావు గంట. చివరికి అది నా పార్కా టోపీలో దొరికింది. పడినప్పుడు ఎగిరి వీపు వెనక వేలాడుతున్న టోపీలో పడింది. నేను దాన్ని మోసుకుంటూ దానికోసం మంచు తవ్వుతున్నానన్నమాట.

పోస్టు సుబేదార్ సాబ్ అంతా విని ఒకటే అడిగాడు: "గిన్‌తీ పూరీ?" లెక్క సరిపోయిందా అని. పూరీ సాబ్ అన్నాను. "తో చాయ్ పీ" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఇక్కడితో ఆగితే ఇది నవ్వుకునే కథ. నా కోపం దీని తర్వాత జరిగినదాని మీద.

కిందికి దిగాక పగిలిన మ్యాగజైన్ ముక్కలు అప్పగించి స్టేట్‌మెంట్ రాయాలి. అక్కడ రాసుకునే ఆయన మంచివాడే, నా మేలు కోరే చెప్పాడు. చలికి ప్లాస్టిక్ పెళుసై పగిలింది అని రాస్తే ఆ కాగితం పైకి పోతుంది, ఇంకా పైకి పోతుంది, ముక్కలు పంపాలి, ఆ రాత్రి ఎన్ని డిగ్రీలో రాయాలి, నిన్ను మళ్లీ పిలుస్తారు. జారిపడి పగిలింది అని రాస్తే ఇవాళే ఫైల్ మూసేస్తాం. "లీవ్ ఎప్పటి నుంచి నీకు?" అన్నాడు.

నేను జారిపడ్డాననే రాశాను. సంతకం పెట్టాను. అబద్ధమా? కాదు. జారిన మాట నిజం. నిజమా? ఇనుప మ్యాగజైన్ అయితే సొట్ట పడేది, రౌండ్లు లోపలే ఉండేవి. అది కూడా నిజం. ఆ రెండో నిజం నేను రాయలేదు. మ్యాగజైన్ ఖరీదు కింద జీతంలో కొంచెం కోసుకున్నారు. చెల్లె పెండ్లికి టైముకు చేరాను, బంతి భోజనాల్లో వడ్డించాను.

కార్గిల్ అప్పుడే మా సీనియర్లకు చలిలో ఈ మ్యాగజైన్లు పగిలాయి. అది పేపర్లలోనూ వచ్చింది. తర్వాత ప్లాస్టిక్ మార్చారన్నారు, నాకు పాత స్టాకుది తగిలి ఉండొచ్చు. నా లాంటివాళ్లు ఎంతమంది జారిపడ్డామని రాసి సెలవు మీద వెళ్లారో! చేసేవాడు ఎక్కడో మైదానంలో, వేడి ఊళ్లో కూర్చుని చేస్తాడు. వాడికి చలి గురించి చెప్పాల్సింది మేము. మేము రాసిన కాగితం మీద ఉన్నది మా కాళ్ల గురించి. ఇక వాడు దేన్ని బాగుచేస్తాడు?

బయటి దేశంలో కొన్నదైతే సరే, వాడి ఫ్యాక్టరీ సముద్రాల అవతల. ఇది మనది, రైలెక్కి వెళ్లి చెప్పేంత దూరం. అయినా చెప్పడం కుదరలేదు. నాకు తుపాకీ మీద కంటే దీని మీదే మంట, అందులో సగం నా మీదే.

ఇప్పుడు పైన పొగిడినదాన్ని కొంచెం సరిచేసుకోవాలి. లోపలి రౌండ్లు కనబడతాయి అని సంబరపడ్డాను కదా. పగలు ఫైరింగ్ రేంజ్‌లో కనబడతాయి. కాపలా అంతా రాత్రి. అమావాస్య నాడు గాజు మ్యాగజైన్ అయినా ఇనుప మ్యాగజైన్ అయినా ఒకటే నలుపు. రాత్రుళ్లు నేను కూడా ఉస్తాదుల్లాగే పెదాల మీద లెక్కపెట్టుకున్నాను. పగలైనా రెండేళ్లు వాడాక పౌచ్‌లో రాసుకుని, నూనె, దుమ్ము పట్టి, పాత ఇంటి కిటికీ అద్దంలాగా మసకబారుతుంది. కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, ఇచ్చేటప్పుడు కొత్తది దొరకాలని లైన్‌లో ముందు నిలబడేవాళ్లం. కొత్తది దొరికిందంటే ఆ నెలంతా రాజులం.

మిగతా తిట్ల గురించి రెండు ముక్కలు. కళ్లలోకి నూనె చిమ్ముతుందన్నారు, నాకు ఎప్పుడూ జరగలేదు. నేను నూనె తక్కువ వాడే మనిషిని, అదీ కారణం కావచ్చు. బర్స్ట్‌లో మూడుకు బదులు రెండే వస్తాయన్నారు, నా పక్కవాడి దానికి అలా రెండు మూడుసార్లు అయింది. నాది మూడంటే మూడే. పుల్‌త్రూ తాడులో చిందీ గుడ్డముక్క వేసి రోజూ బ్యారెల్ లాగేవాణ్ణి, తిన్నా తినకపోయినా. దాన్ని చూసుకున్నంత ప్రేమగా నా మోకాళ్లను చూసుకుని ఉంటే ఇవాళ మెట్లు ఎక్కడానికి ఇబ్బంది ఉండేది కాదు.

మధ్యలో రెండేళ్లు ఆర్‌ఆర్‌లో, అంటే రాష్ట్రీయ రైఫిల్స్‌లో, ఏకే పట్టాను. అక్కడ అందరి మనసూ దాని మీదే. బురదలో ముంచినా పలుకుతుంది, ముప్పై రౌండ్లు, ఇనుప మ్యాగజైన్‌తో ఎదుటివాడి తల కూడా పగలగొట్టొచ్చు. ఇల్లిల్లూ తిరిగి వెతికే పనికి అదే సరి, నేను కాదనను. కానీ మూడొందల గజాల అవతల టార్గెట్ పెట్టి గ్రూపింగ్, అంటే తూటాలన్నీ ఒకేచోట పడేలా కొట్టి, చూపించమంటే నేను ఇన్సాస్‌నే అడుగుతాను. ఒక రోజు ఐదు రౌండ్లు కొడితే టార్గెట్ మీద ఐదూ ఒక్క అరచేతి కింద దాగాయి. ఇది నేను చేసిందే, విన్నది కాదు. అయితే ఆ రోజు గాలి లేదు, నా వయసు ఇరవై ఎనిమిది.

2013 తర్వాత మాకొచ్చిన మ్యాగజైన్లు మందంగా అనిపించాయి. చేతికే తెలిసింది ఆ తేడా. ఒక చలి రాత్రి ఖాళీదాన్ని కావాలనే అదే ఎత్తు నుంచి బండ మీద పడేశాను. ఎగిరి పడింది, చిన్న గీత తప్ప ఏమీ కాలేదు. మళ్లీ పడేశాను. ఏమీ కాలేదు. ఎవడో ఎక్కడో జారిపడ్డానని రాయకుండా నిజం రాసి ఉంటాడు, సెలవు పోగొట్టుకుని ఉంటాడు. వాడెవరో తెలిస్తే దేవరకొండకు పిలిచి మటన్ పెడతాను.

2018లో నాయక్‌గా బయటికొచ్చాను. మరుసటి ఏడాది సైన్యం అమెరికా నుంచి 72,400 సిగ్ 716 రైఫిళ్లు కొంది. మళ్లీ 7.62 తూటాకే పోయారు, మా ఉస్తాదులు బతికుంటే మీసాలు మెలేసేవాళ్లు. ఆ తర్వాత యూపీలో అమేఠీ దగ్గర కోర్వాలో రష్యావాళ్లతో కలిసి ఏకే-203 చేస్తున్నారు, ఆరు లక్షల పైచిలుకు. మన హైదరాబాద్‌లో లోకేష్ మెషీన్స్ అస్మీ అనే చిన్న 9 ఎంఎం గన్ చేస్తోంది, సైన్యం 550 తీసుకుంది. 2024 జనవరిలో డీఆర్‌డీవో ఉగ్రం అనే రైఫిల్‌ను చూపించింది, అందులోనూ హైదరాబాద్ కంపెనీ చెయ్యి ఉంది. వంద రోజుల్లోపే తయారుచేశారని పేపర్లో రాశారు. సంతోషం. వంద రోజుల్లో చేసినదాన్ని వంద రాత్రులు ఆ గూట్లో పెట్టి, పొద్దున్నే బండ మీద పడేసి చూస్తే నాకు ఇంకా సంతోషం.

సాగర్ రోడ్డు మీద బస్సులో సిటీలోకి పోతుంటే, కంచన్‌బాగ్ వైపు చూసి, అక్కడే ఆకాశ్ క్షిపణి చేస్తారు అని పక్కవాళ్లకు చెప్పడం నాకు అలవాటు. 2025 మేలో టీవీ నిండా దాని పేరే మోగింది. ఊళ్లో నన్నేదో నేనే దాన్ని వదిలినట్టు చూశారు, నేనూ కాదనలేదు. కానీ లోపల ఒక మాట మెదిలింది. క్షిపణికి ఏ చిన్న లోపమున్నా వందమంది ఇంజనీర్లు చుట్టూ మూగుతారు. సిపాయి నడుముకు కట్టుకునే పౌచ్‌కు, బూటుకు, మ్యాగజైన్‌కు అంతమంది మూగరు.

ఇప్పుడు నల్గొండలో ఒక బ్యాంకు గేటు ముందు పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ పట్టుకుని కూర్చుంటున్నాను. రెండే తూటాలు. మడిచి చూస్తే రెండూ కనబడతాయి, లెక్క తప్పే బాధ లేదు. అయినా బొటనవేలు ఊరికే ట్రిగ్గర్ ముందుకు పోయి, అక్కడ లేని మ్యాగజైన్‌ను తడుముతుంది. క్యాషియర్ మేడమ్ ఒకరోజు, "ఏం వెతుకుతున్నారండీ" అని అడిగింది.

మా అల్లుడికి చెప్పిందేమంటే: చెత్తది కాదురా. చలి లేనిచోట, పగటిపూట, రోజూ తుడిచేవాడి చేతిలో మంచి తుపాకీ. కొత్త మ్యాగజైన్ ఉంటే ఇంకా మంచిది. నాకు పదికి ఆరున్నర. ఎత్తు మీద పాత మ్యాగజైన్‌తో అయితే నాలుగు. ఎడారిలో కాసినవాళ్లను అడిగితే వాళ్ల లెక్క వేరే ఉంటుంది, ఇసుక సంగతి నాకు అనుభవం లేదు. నీ చేతికి ఏది వచ్చినా, పగిలితే ఎందుకు పగిలిందో అదే రాయి. వాడు తలూపాడు. వాడికి ఇంకా లీవ్ అంటే ఏంటో తెలియదు, ఊపుతాడు.

ఇదంతా రాసి, పోస్ట్ చేసే ముందు మక్తల్ తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను. వాడు ఇప్పుడు జడ్చర్లలో కిరాణా షాపు పెట్టాడు. గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల ఎవరో ఉల్లిగడ్డల ధర అడుగుతున్నారు.

"అన్నా, అంత మంచిగనే రాసినవ్ గని, ఆఖరి రౌండ్ నీ టోపీల దొర్కలే. నా బూటు కింద దొర్కింది. నిన్ను కాళ్లు కదపకు అని నేనే దాని మీద నిలబడ్డ. నీకు చెప్పలే, సిగ్గయి నేనే నీ టోపీల ఏసిన."